బొట్టుబిళ్ళతో కప్పిన ఇంజిన్ లైటు

దంతాలపల్లి దాటి తొర్రూరు దవాఖానకు వెళ్తుండగా నేను నడుపుతున్న కారు రెండుసార్లు కుదిపి వేగం తగ్గింది. వెనక సీట్లో మా బాపు ఛాతీ పట్టుకుని ఒరిగి ఉన్నాడు.

అంతకు ముందు వారమే కారులో స్టీరింగు ముందు పసుపురంగు ఇంజిన్ హెచ్చరిక లైటు వెలిగింది. "అక్కా, సెన్సర్ మార్చాలె. బండి రెండు రోజులు ఈడ పెట్టు" అన్నాడు మెకానిక్. "పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు రేపటితోని అయిపోతది. అది తీసుకున్నంక తెస్త అన్నా" అన్నాను. పరీక్ష చేసేవాళ్లకు లైటు కనబడకుండా నుదుటి బొట్టుబిళ్ళ తీసి దానిమీద అంటించాను. సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆ తర్వాత మెకానిక్ దగ్గరకు వెళ్లనే లేదు.

కారు పూర్తిగా ఆగిపోయింది. "పరేషాన్ గాకు బిడ్డా, జర ఆగి మళ్ల స్టార్ట్ చెయ్యి" అన్నాడు బాపు. కారు మళ్లీ స్టార్ట్ కాలేదు. ఎంతసేపటికో ఒక ఆటో దొరికింది. తొర్రూరు దవాఖాన చేరేసరికి ఆయన ఊపిరి ఆగిపోయింది.

పిల్లలు తుమ్మినా హడలిపోతానని ఇంట్లో అందరూ నన్ను ఆటపట్టిస్తారు. అలాంటి నేను ఆ లైటుకు మాత్రం భయపడలేదు.

తెల్లారి పిల్లలు "తాత ఏడమ్మా?" అని అడిగారు. ఇద్దరినీ దగ్గరకు తీసుకుని, "తాత ఇగ రాడు. కారు ఖరాబున్నదని నాకు ముందే ఎరుక. అయినా దాంట్లనే తీసుకపోయిన" అని చెప్పాను.