నా సోలార్ బొమ్మకు దొరికిన కొత్త క్లయింట్లు

పావగడలో నాది సోలార్ ప్యానెళ్లు బిగించే వ్యాపారం. వివరించి వివరించి గొంతు పోతోందని ఈ మధ్య మా వెబ్‌సైట్‌లో ఒక కదిలే బొమ్మ పెట్టించాను. మన స్థలం ఫొటో మీద ప్యానెళ్లను వేలితో జరుపుకోవచ్చు. కింద గంటల గీత మీద వేలు లాగితే సూర్యుడు కదులుతాడు, నీడ కదులుతుంది, ఎంత కరెంటు వస్తుందో పక్కన కనిపిస్తుంది.

ఈ రోజు బలసముద్రంలో నూనె మిల్లు నడిపే నాగప్పన్నకు ట్యాబ్ ఇచ్చి చూడమన్నాను. ఆయన కళ్లద్దాలు వెతుక్కునేలోపే భార్య లక్ష్మక్క దాన్ని లాక్కుంది. ఫొటోలో ప్యానెళ్లను తమ పెరడంతా తిప్పి, గంటను మధ్యాహ్నం మూడు దగ్గర ఆపింది.

"ఈడ పెడితే నీడ నా గొర్రెల దొడ్డి మీద పడతాదప్పా. అవి కింద నిలబడేట్టు ఇంకొంచెం ఎత్తుకు లేపేకి అవుతాదా?"

"అక్కా, ఇది కరెంటు చూసుకునే బొమ్మ."

"కరెంటు మీ అన్న చూసుకుంటాడులే. మన ఊరి పక్కన ఆ పెద్ద సోలార్ పార్కు కంచె లోపల అంత నీడ ఊరికే పడుండాది. నా గొర్రెలకు మూరెడు లేదు."

ఆర్డరు అక్కడికక్కడే వచ్చింది. నాగప్పన్న కరెంటు అంకె ఇంతవరకూ చూడనేలేదు.

సాయంత్రం వెబ్‌సైట్ చేసిన అమ్మాయికి ఫోన్ చేసి, ఎంత నీడ పడుతుందో కూడా అంకెల్లో చూపించమన్నాను. ఎవరికి సార్ అని అడిగింది. క్లయింట్లకే అన్నాను. ఎన్ని కాళ్లవాళ్లో చెప్పలేదు.

మీరు ఒకందుకు చేసినదాన్ని జనం ఇంకొకందుకు వాడుకున్నారా? కింద రాయండి, తోడు దొరికినట్టుంటుంది.