సగం సగం

ఎనభైల చివర్లో ఒక పొద్దున, హన్మకొండలో చాయ్ తాగుతూ రేడియో విన్నాను. పొగతో భూమి వేడెక్కుతోందట, ఏం చేయాలో దేశాలు కూర్చుని మాట్లాడుకుంటున్నాయట. అందరూ సమానంగా పొగ తగ్గించుకుందామని, బొగ్గూ చమురూ ఎక్కువ కాల్చినవాళ్లే అంటున్నారట. గ్లాసు కింద పెట్టేశాను. ఆ మాట అంతకుముందే నేను అన్నాను.

అంతకు కొన్నేళ్ల ముందు తొర్రూరు దగ్గర మా ఊళ్లో వరసగా వానలు లేకుండా పోయాయి. నేను బోరు వేయించాను. పక్క చెలక రైతు బావి ఎండిపోయింది. పెద్దమనుషులు కూర్చున్నారు. "అందరం నీళ్లు తోడుకునేది సగం సగం తగ్గించుకుందాం. సమానం గదా" అన్నాను.

"నువ్వు సగం తగ్గిస్తే నీ మిర్పతోట జర వాడుతది పటేలా. నా బాయిల ఉన్నదే బురద. బురదల గూడ సగం ఇడవాల్నా?" అన్నాడతను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి నా మాటే నెగ్గింది. మధ్యాహ్నం నుంచి నా మోటారు ఆపాలి, అప్పుడు అతని బావిలో ఊట వస్తే అతను తోడుకోవాలి.

మూడో రోజు మధ్యాహ్నం అతను పూడిక తీయడానికి బావిలోకి దిగాడు. నేను చూడడానికి వెళ్లాను. మోటారు ఆపకుండానే వెళ్లాను. గట్టు మీద అతని భార్య తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఎండకు పగిలిన ఒడ్డు నుంచి పెద్ద మట్టిపెళ్ల ఊడి లోపల పడింది. ఆమె కేక వేసింది. కింద చప్పుడు లేదు.

అతను చచ్చిపోయాడేమో అన్న భయం కన్నా ముందు, నా మోటారు సంగతి బయటపడుతుందన్న భయం వచ్చింది. అది ఇప్పటికీ దాచలేను.

కాసేపటికి కింద దగ్గు వినిపించింది.

"ఏం గాలే! పటేలా, ఊట వస్తలేదు. మోటర్ బంద్ జేసినవా?"

"చేసిన తమ్మీ."

"అయితే ఇంకింత తవ్వుత."

గడ్డపార మళ్లీ మోగింది. ఇంకో పెళ్ల జారింది. ఆమె నా చెలక వైపు చూసింది. అక్కడ మోటారు దడదడ కొట్టుకుంటోంది. లోతులో ఉన్న అతనికి వినపడదు. మాకిద్దరికీ వినపడుతోంది.

పరిగెత్తాను. స్టార్టర్ ఆపి తిరిగి వచ్చేదాకా, ఆ గడ్డపార చప్పుడు ఆగిపోకూడదని మొక్కుకుంటూనే ఉన్నాను. ఆగలేదు.

"ఇప్పుడు బంద్ అయింది పటేలా" అందామె మెల్లగా, తాడు వదలకుండా. తర్వాత బావిలోకి వంగి, "ఇగ పైకి రా, నీళ్లు ఊరేదాక కూసుందాం" అని భర్తను పిలిచింది.