పళ్ల డాక్టరు గారి గల్ఫ్ ఒప్పందం

ఈ సాయంత్రం మన నర్సీపట్నం పళ్ల డాక్టరు గారు నన్ను పిలిపించి, గల్ఫ్ ఉద్యోగపు ఒప్పంద పత్రం చేతిలో పెట్టారు. వక్తృత్వ పోటీల్లో ఎదుటివారి మాటలో మెలిక పట్టేవాణ్ణి కనుక, ఇందులోనూ పట్టమన్నారు. వెతకనక్కర లేకపోయింది. డిగ్రీ ఉన్న డాక్టరుకు సహాయకుడి జీతమట. పాస్‌పోర్టు రెండేళ్లూ యజమాని బీరువాలోనే ఉంటుందట.

"ఇది ఉద్యోగం కాదండీ, తాకట్టు," అన్నాను.

"మరిక్కడేటుంది తమ్ముడూ? సంతలో పటకారుతో పళ్లు పీకేవోడి దగ్గర జనం వరస కడతారు. ఆడు దవడ వాచేలా సేసి వదిలేస్తే అప్పుడు నా దగ్గరకొస్తారు. పన్ను ఎప్పుడో పోయింది గదా, ఇంక మీకు డబ్బులెందుకంటారు. నువ్వే సెప్పు, ఏ తాకట్టు మేలు?"

విదేశాలకు పోయే విద్యావంతులను ఏడాదిగా వేదికలెక్కి దుయ్యబట్టిన నేనే కలం తీసి ఇచ్చాను. ఆయన సంతకం చేశారు. సాక్షి సంతకం నాది.

ఈ గోడపత్రిక చదివే మిత్రులారా, ఆయనను ఆపగల వాదన మీ దగ్గరుంటే ఈ కాగితం కిందనే రాయండి. రేపు పొద్దుటి బస్సుకే ఆయన ఆ ఒప్పందంతో విశాఖ వెళ్తున్నారు.