రెండు గీతల గుట్ట

కెన్యా తీరంలో మా ఊరు న్గోమేనికి ఎదురుగా సముద్రంలో ఇనుప కాళ్ల మీద నిలబడ్డ రాకెట్ వేదిక గురించి ఏటా ఎవరో ఒకరు వచ్చి ఉపన్యసిస్తారు. విశ్వరహస్యం మన తీరం నుంచే విడిందంటారు. చప్పట్లు కొడతాం, కొబ్బరన్నం తింటాం, ఇంటికెళతాం. ఆ వేదికకి పడవ నడిపిన మా ఊరి లాలీ ఫమావు ఆ సభలకి ఒక్కసారీ రాలేదు. అతణ్ణి మహానుభావుణ్ణి చేసే ఉద్దేశం నాకు లేదు. పడవ నడిపాడు, జీతం తీసుకున్నాడు. కానీ ఒక ఎక్స్-రే ఉపగ్రహం లేచిన పొద్దున అతను పోగొట్టుకున్నదేమిటో ఏ ఉపన్యాసంలోనూ రాదు.

డెబ్బైల నాటి మాట. ఇటలీ ఇంజనీర్లని వేదికకి చేరవేయడం లాలీ పని. ప్రయోగం ముందురోజు ఇంటింటికీ తిరిగి రేపు వేటకి పోవద్దని చెప్పడం కూడా అతని పనే. ఈ రెండోది కష్టం. మా జాలరి ఏ తావుకి పోతున్నాడో పెళ్లానికి కూడా చెప్పడు. నోట పలికిన తావు చేపల్లేక ఎండిపోతుందని మావాళ్ల నమ్మకం. నమ్మకం సంగతలా ఉంచి, పదిమందికీ తెలిస్తే ఎండిపోవడం మాత్రం నిజం.

వేదిక మీద ఎదురుచూపులెక్కువ. అలాంటి ఒక మధ్యాహ్నం అల్లం కాఫీ తాగుతూ లాలీ ఓరెస్తే అనే ఇంజనీరుని అడిగాడు.

“చుక్కల్ని చూడ్డానికి కొండెక్కితే చాలదా బాబూ? ఇంత మంట దేనికి?”

“ఈ ఎక్స్-రే కిరణాలు కిందిదాకా రావు లాలీ. గాలే మింగేస్తుంది. గాలి దాటి పోవాల్సిందే.”

“పోతే, అద్దంలో కనపడతాయా?”

“మామూలు అద్దమైతే అందులోకే ఇంకిపోతాయి. అందుకే గ్యాసు నింపిన పెట్టె. దానికి పల్చటి రేకు కిటికీ. కిరణం దూరితే లోపల తీగలో చిన్న విద్యుత్తు పుడుతుంది, దాన్ని లెక్కపెడతాం. కిటికీ ముందు సన్నటి చీలికలుంటాయి. ఉపగ్రహం తిరుగుతూ ఉంటుంది. చీలిక ఎదురుగా చుక్క వచ్చినప్పుడు లెక్క పెరుగుతుంది. అంటే ఆ గీత మీద ఎక్కడో ఉందన్నమాట.”

“ఎక్కడో అంటే?”

“అదే తెలీదు. ఇరుసు పక్కకి వంచి మళ్లీ తిప్పుతాం. ఇంకో గీత వస్తుంది. రెండూ కోసుకున్న చోట ఉంది మన చుక్క.”

లాలీ నవ్వాడు. “దీనికోసం ఇటలీలో చదివావా? మా నాన్న తెడ్డుతో రెండు తగిలించి నేర్పాడు.”

నడిసముద్రంలో నీటి అడుగు గుట్టని మావాళ్లు పట్టేదీ అలాగే. ఒడ్డున రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి చేరితే ఒక గీత. మరో వైపు మరో రెండు గుర్తులు, మరో గీత. లాలీ, అతని తమ్ముడు మాదీ ఇద్దరూ పడుచు వయసులో అలా ఒక గుట్ట కనిపెట్టారు. పెద్ద ఎర్రచేపల గుట్ట. వేదికలో పని దొరికాక లాలీ దాన్ని తమ్ముడికే వదిలేశాడు. మాదీ ఇల్లు గడిచేది దాని మీదే.

ప్రయోగం రోజు తెల్లవారుతుండగా మాదీ భార్య ఆషూరా లాలీ పడవ దగ్గరికి వచ్చింది.

“బావగారూ, మీ తమ్ముడు నిన్ననే వెళ్లాడు. రాలేదు.”

“వద్దని చెప్పానుగా?”

“మీరు చెబితే వినే మనిషా? పొద్దెక్కకముందే వచ్చేస్తానన్నాడు. తెరచాపకి గాలి లేకుండా పోయింది.”

“ఏ వైపుకో అన్నాడా?”

“బాగుంది. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాడో కూడా చెప్పడు నాకు.”

లాలీకి తెలుసు. గుట్ట సరిగ్గా రాకెట్ దారి కింద ఉంది. రేడియోలో వేదికని పిలిచి ఆపమన్నాడు. ఓరెస్తే పలికాడు.

“ఎండెక్కుతోంది లాలీ, పెట్టె వేడెక్కితే పాడవుతుంది. కాసేపే ఆపగలం. ఎక్కడున్నాడు?”

“నేను పోయి తీసుకొస్తా.”

“నువ్వు ఒడ్డునున్నావు. మా కాపలా పడవలు దగ్గర. చోటు చెప్పు.”

కాపలా పడవలన్నిటిలోనూ అదే రేడియో వినపడుతుంది. వాటి మీద ఉన్నవాళ్లంతా మా ఊరి జాలర్లే. లాలీ ఆషూరా వైపు చూశాడు. తర్వాత తాపీగా, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

“మసీదు గుమ్మటం ఇసుకమేట నొక్కులోకి రావాలి. గోరీ మీది స్తంభం వెనక జంట తాటిచెట్లు ఒకటిగా కనపడాలి. అక్కడ.”

రేడియోలో మా ఊరి గొంతొకటి, “ఓహో, అక్కడా,” అంది.

మాదీని లాక్కొచ్చారు. రాకెట్ లేచింది. ఉపగ్రహం గీత మీద గీత గీసి, అప్పటిదాకా ఎవరికీ తెలియని చుక్కల చోట్లు పట్టిచ్చింది. పక్క నక్షత్రాన్ని పీల్చుకుని, ఆ వేడికి వెలిగే చుక్కలట అవి. ఇక్కడ, రెండు రుతుపవనాలు తిరక్కుండానే గుట్ట ఖాళీ అయింది. మాదీ కొబ్బరితోటల్లో కూలికి చేరాడు. అన్నతో మాట మానేశాడు.

చాలా ఏళ్లకి ఒకసారి లాలీయే అడిగాడు. “నిన్ను ఆ మంట కింద వదిలేయాల్సిందంటావురా?”

“వదిలేస్తే గుట్ట నా కొడుక్కి మిగిలేది.”

“నువ్వు పోయాక వాడికి చోటెవరు చెబుతారు?”

“నువ్వు,” అన్నాడు మాదీ.

లాలీ మళ్లీ ఆ ప్రసక్తి ఎత్తలేదు. అతను పోయినప్పుడు గోతిలోకి దిగి శవాన్ని చేతులతో అందుకున్నవాడు మాదీయే. ముఖాన్ని ఖిబ్లా వైపు, మక్కా దిక్కుకి, ఎంతో జాగ్రత్తగా తిప్పాడు. పైకొచ్చి చేతులు దులుపుకుని తోటకి వెళ్లిపోయాడు.