చెనిక్కాయల యశోదమ్మ

మా బాల్వాడీకి పేరుకు నేను టీచర్ని. నడిపింది మాత్రం ఆయా యశోదమ్మ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

1979లో తిరుపతిలో, రైల్వే గేటు అవతలి వీధిలో, రెండు గదుల పెంకుటింట్లో ముప్పై మంది పిల్లలు ఉండేవాళ్లు. నేను అప్పుడే ట్రైనింగ్ ముగించుకుని వచ్చాను. పిల్లలు ఎలా నడుచుకోవాలో నా నోటుపుస్తకంలో వరసగా రాసి ఉండేది. ఆ పుస్తకం పిల్లలు చదవలేదు, అదొక్కటే చిక్కు.

యశోదమ్మకు యాభై ఏళ్లుంటాయి. చంద్రగిరి దగ్గర పల్లెలో ఆమెకు రెండెకరాల చెనిక్కాయల చేను, అంటే వేరుశెనగ చేను, ఉంది. పొద్దున్నే పల్లె బస్సు దిగి వచ్చి ముక్కులు తుడవడం, ఉప్మా వండడం ఆమె పని. ఏడ్చే పిల్లవాణ్ణి ఏనాడూ ఏడవద్దనేది కాదు. పక్కన చతికిలబడి, "ఇంగెంతసేపు ఏడస్తావో సెప్పు నాయనా, దాన్నిబట్టి పొయ్యి ఎలిగిస్తా" అనేది. వాడు ఆలోచనలో పడి ఏడుపు మరిచిపోయేవాడు.

ఆ ఏడు మునిలక్ష్మి అనే నాలుగేళ్ల పిల్లకు కొండమీద మొక్కు తీర్చి, గుండుతో తీసుకొచ్చారు. తిరుపతిలో గుండు ఎవరికీ వింత కాదు. కానీ నున్నగా ఉంది కదా అని పిల్లలంతా ఆ తల నిమరడమే ఆట చేసుకున్నారు. అసలే మాట తక్కువ పిల్ల. నోరు తెరిచింది, కొరకడానికి. మూడు రోజుల్లో ముగ్గుర్ని కొరికింది. మూడోవాడు మునికృష్ణ. వాడి అవ్వ ఆదిలక్ష్మమ్మ వచ్చి వీధి వీధంతా వినేలా కేకలేసింది.

నేను బెదిరిపోయాను. సాయంత్రం మునిలక్ష్మి తల్లి భారతమ్మ వస్తే, బాల్వాడీ గేటు దగ్గర అందరి ముందూ చెప్పేశాను. "ఇంకొక్కసారి కొరికితే పాప పేరు కొట్టేస్తా."

భారతమ్మ ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికేది. ఇంట్లో పిల్లను చూసేవాళ్లు లేరు. పేరు కొట్టేస్తే ఆమె పని కూడా పోయినట్టే. కొంగుతో కళ్లు తుడుచుకుని, పాపను చంకనేసుకుని వెళ్లిపోయింది.

"పేరు కొట్టేస్తే కోపం యాడికి పోతాది టీచరమ్మా? ఆ పిల్లతోనే ఇంటికి పోతాది" అంది యశోదమ్మ. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు ఆమె సంచీ నిండా చెనిక్కాయలు తెచ్చింది. "నెత్తిన సెయ్యి పెడితే కోపమొస్తాదా పాపా? రానీలే. నా దగ్గిరికి పరిగెత్తుకోని రా. మనిసిని కొరకొద్దు, దీన్ని కొరుకు" అని మునిలక్ష్మి చేతిలో కాయ పెట్టింది. పిల్ల పటుక్కున కొరికింది. రెండు కాయలయ్యేసరికి కోపం చల్లారి, పప్పులు నములుతూ కూర్చుంది. మూడు రోజులు ఎవరికీ పంటిగాటు పడలేదు. ఇదంతా నా గొప్పే అన్నట్టు నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా.

నాలుగో రోజు కొంప మునిగింది. ఐదుగురు పిల్లలు ఒకర్నొకరు కొరుక్కున్నారు. ఎందుకురా అని గద్దిస్తే, మునికృష్ణ తడుముకోకుండా, "కొరికేవాళ్లకే గదా కాయిస్తాండేది!" అన్నాడు.

నేను యశోదమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆమె గడప మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "తప్పు నాదే టీచరమ్మా. కోపానికని కాయ ఇస్తే, వీళ్లు కాయ కోసరం కోపం తెచ్చుకుంటాండారు!"

ఆమె అక్కడికక్కడే పిల్లల్ని కూర్చోబెట్టి పద్ధతి మార్చింది. "ఇంగ కొరికేది లే. కోపమొస్తే వాళ్ల మొగం సూసి సెప్పల్ల. ఎందుకో గూడా సెప్పల్ల. అప్పుడే కాయ. కాయలో రెండు పప్పులుండాయి గదా, ఒకటి నీకు, ఇంగొకటి నీకు ఎవురి మింద కోపమో వాళ్లకు."

రెండు రోజులు బాల్వాడీ నిండా దొంగ కోపాలే. కానీ ప్రతిసారీ కారణం వెతుక్కోవాలి, పైగా సగం అవతలివాడికి ఇవ్వాలి. దాంతో దొంగ కోపాలు విసుగెత్తిపోయి, అసలువే మిగిలాయి. మూడో రోజు మునిలక్ష్మి కాయ పట్టుకుని మునికృష్ణ ముందు నిలబడింది. "నా నెత్తి తాకొద్దు. నాకు సిరాకు." అంత పొడుగు మాట ఆ పిల్ల నోట మేం వినడం అదే మొదలు.

వాడు తన పప్పు నమిలి, "అడిగి తాకేదా?" అన్నాడు.

ఆ పిల్ల బాగా ఆలోచించి, "ఒక్కసారి" అంది.

శనివారం నేను హాజరు వేస్తుంటే మునిలక్ష్మి వచ్చి నా కుర్చీ ముందు నిలబడింది. గుప్పిట్లో కాయ ఉంది. "టీచరమ్మా, నీ మింద కోపం వచ్చినాది."

"ఎందుకు?" అన్నాను.

"మాయమ్మను ఏడిపించినావు."

కాయ పటుక్కున కొరికి, ఎంగిలి పప్పు ఒకటి నా అరచేతిలో పెట్టింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. "తప్పైపోయింది పాపా" అన్నాను. నేను పప్పు నోట్లో వేసుకునేదాకా అక్కడే నిలబడి, తన పప్పు తను తిని వెళ్లి ఆటలో కలిసింది. యశోదమ్మ మాత్రం ఏమీ వినపడనట్టు ఉప్మా కలుపుతోంది.

సాయంత్రం భారతమ్మ గేటు దగ్గర బెదురుతూ నిలబడింది. పది రోజుల కిందట ఎందరి ముందు ఆ మాట అన్నానో, అందరూ ఉండగానే ఎదురెళ్లి ఆమె చేయి పట్టుకున్నాను. "తప్పు నాదమ్మా. మీ పాప పేరు ఎక్కడికీ పోదు."