ప్రతివాది కట్టిన కోర్టు ఫీజు

మా అన్న మీద నేను వేసిన దావాకు కోర్టు ఫీజు మా అన్న ఫోన్లోంచే పోయింది. ఇందులో వేళాకోళం ఏమీ లేదు. జరిగిందే రాస్తున్నాను.

నాయన ఆళ్లగడ్డలో రెండు అంగడి గదులు కట్టించి పోయాడు. ఒకదాంట్లో అన్న ఎరువులు అమ్ముతాడు, రెండోదానికి బాడుగ వస్తుంది. నంద్యాలలో ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను కదా, గదులు రెండు, బిడ్డలం ఇద్దరం, తలా ఒకటి అన్నాను. "చేతనైతే కోర్టుకు పో" అన్నాడు అన్న. అట్లా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పోయాను.

ఆళ్లగడ్డ కోర్టు దగ్గర వకీలు గుమాస్తా కాగితాలన్నీ సిద్ధం చేసి, "ఇప్పుడు స్టాంపులు కొని అంటించేది లేదు మేడం, ఫీజు ఆన్‌లైన్లో కట్టాల" అన్నాడు. నాది బటన్ల ఫోను. అతని ఫోన్లో ఎన్నిసార్లు నొక్కినా డబ్బు పోలేదు. రేపు రమ్మన్నాడు. రేపటికి నా కోపం చల్లారిపోతుందని నాకు తెలుసు. ఆ ఊళ్ళో నేను సాయం అడగదగ్గ మనిషి ఒక్కడే. గుమాస్తాను వెంటబెట్టుకొని నేరుగా ఎరువుల అంగడికి పోయాను.

"ఏందీ, ఇంత ఎండలో వచ్చినావ్?" అన్నాడు అన్న.

"ఫోన్లో దుడ్లు కట్టాల."

"యాడికి?"

"కోర్టుకు. నీ మీద కేసు."

జేబులోంచి ఫోను తీశాడు. "ఎంత?"

ఎనిమిది వేల చిల్లర. గుమాస్తా ఆ ఫోన్లోనే వివరాలు నింపాడు, అన్న కట్టాడు. నేను నోట్లు ఇస్తే లెక్కపెట్టుకొని, మిగిలింది నా చేతిలో పెట్టాడు. మజ్జిగ తాగి పొమ్మన్నాడు. నేను తాగలేదు. రసీదులో కట్టినవారి పేరు దగ్గర అన్న పేరు పడిందని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

అంతకుముందు ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అన్న ఫోన్ చేసేవాడు. నోటీసు అందాక మానేశాడు. నేనూ చేయలేదు, నేనేం తక్కువదాన్నా? వాయిదాలకు కోర్టు వరండాలో ఒకే బెంచీకి ఆ చివర అతను, ఈ చివర నేను. రెండేళ్ళు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడంటారు. నేను తీర్పు దాకా కూడా ఆగలేదు, నంద్యాల బస్సులోనే ఏడ్చాను. గది పోతే పోయింది, పుట్టిల్లు పోతుందేమోనని నా భయం. అమ్మానాయనలు లేని నాకు పుట్టిల్లంటే ఆ మొండి అన్నే.

చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. తలా ఒక గది. సంతకాలు చేశాం, మొహాలు చూసుకోలేదు. రాజీ పడ్డారు కాబట్టి ఫీజు మొత్తం వాపసు వస్తుందంటే దరఖాస్తు పెట్టాను. ఆఫీసులో ఉద్యోగి రసీదు చూసి, నన్ను చూసి, మళ్ళీ రసీదు చూశాడు.

"కేసు వేసింది మీరు. ఫీజు కట్టింది ప్రతివాదా?"

"అవును."

"ఎందుకు?"

"మా అన్న."

అతను పెన్ను కింద పెట్టాడు. ఇప్పుడు వాపసు డబ్బు ఫీజు కట్టినవాళ్ళ ఖాతాకే పోతుందట. నా ఖాతాలో పడాలంటే, అభ్యంతరం లేదని అన్న సంతకం చేసిన కాగితం తేవాలట.

అట్లా రెండేళ్ళ తర్వాత అన్న గడప తొక్కాను. మొహాన తలుపు వేస్తాడేమో అనుకున్నాను. వదిన తలుపు తీసి, "చేతులు కడుక్కో, రొట్టెలు చేస్తాండా" అంది. అంతే. అన్న కాగితం తిప్పి తిప్పి చూసి, కళ్ళద్దాలు కనపడలేదని వచ్చే వారం రమ్మన్నాడు. వచ్చే వారం పెన్ను రాయలేదు. ఆ పై వారం, శనివారం సంతకం పెట్టడం మంచిది కాదన్నాడు. మా ఇంట్లో మూడు తరాలుగా వారాలూ వర్జ్యాలూ చూసినవాళ్ళు లేరు.

"ఏం, ఈడ ఆఫీసు పెట్టినావా? ఎన్నిసార్లు తిప్పుకుంటావ్ నన్ను?" అని అరిచాను.

వంటింట్లోంచి వదిన అంది: "సంతకం పెడితే నువ్వు మళ్ళా రావని ఆయన భయం. నోరు తెరిచి చెప్పలేక సస్తాండాడు."

అన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఈ మాట తనే అనొచ్చు కదా అని కోపం కూడా వచ్చింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకొని, ఇంకో రొట్టె వేయమన్నాను.

తర్వాత కోర్టు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నెలలోగా ఆ కాగితం ఇవ్వకపోతే ఫైలు మూసేస్తామన్నారు.

"మా అన్న సంతకం పెట్టనంటున్నాడు. మూసేయండి సార్."

"డబ్బు పోతుంది మేడం."

"పోనీయండి."

ఫైలు మూసేశారు. ఆ సంగతి అన్నకు చెప్పలేదు. పోయిన శనివారం కూడా సంతకం కోసమని ఆళ్లగడ్డ బస్సెక్కాను.