రెండు మీటర్లకు ఒకటే అడ్రస్

మా తమ్ముణ్ణి ఫ్యాక్టరీలో అందరూ బెదురోడంటారు. ఆ పేరు పెట్టింది బయటివాళ్లు కాదు, సాక్షాత్తు వాడి పెళ్లామే. తాడును చూసినా పామనుకునే రకం వాడు. స్టూలెక్కితే కింద ఒకరు పట్టుకోవాలి. ఇలాంటివాడు డ్రై ఐస్ ఫ్యాక్టరీలో గ్యాస్ మీటర్లు బిగించే పనిలో ఎందుకు చేరాడో ఆ పైవాడికే తెలియాలి.

డ్రై ఐస్ కరిగితే నీళ్లు రావు, గ్యాస్ వస్తుంది, మనం ఊపిరితో బయటికి వదిలే కార్బన్ డయాక్సైడే. దానికి వాసన లేదు, రంగు లేదు. నేలబారుగా పేరుకుంటుంది. తల దిమ్ముగా ఉందే అనుకుంటూ కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోతాడు. అందుకే గదికో మీటరు. ఆ మీటర్లు చెప్పే అంకెలు నేను కూర్చునే గదిలోని కంప్యూటరుకు వస్తాయి. అంకె హద్దు దాటితే అదే సైరన్ మోగిస్తుంది.

ఏ అంకె ఏ గదిదో కంప్యూటరుకు తెలియాలంటే, ఇంటికి డోరు నంబరున్నట్టు, ఒక్కో మీటరుకూ ఒక్కో ఐపీ అడ్రస్ ఉండాలి. కొత్త మీటర్లన్నీ కంపెనీ నుంచి ఒకటే అడ్రస్‌తో వస్తాయి. ఒకదానికి వైరు పెట్టి, దాని సొంత అడ్రస్ దానికి ఇచ్చాకే రెండోదాని జోలికి పోవాలి. మా తమ్ముడు నిద్రలో లేపి అడిగినా ఈ ముక్క అప్పజెప్పేవాడు.

ఆ రోజు ప్యాకింగ్ గదిలో మీటరు పాడైంది. వాడు కొత్తది గోడకు బిగించి, వైరు పెట్టి, నా గదికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. అంతకుముందే, నేను గదిలో లేనప్పుడు, మా సూపర్వైజరు, కాలు ఒకచోట నిలవని మనిషి, గోదాము కోసం తెచ్చిన ఇంకో మీటరును నా బల్ల కింద అట్టపెట్టెలో ఉండగానే వైరుకు తగిలించేశాడు. ఓ పనైపోతుందట! మాతో ఒక్క మాటైనా అనలేదు. ఆయన తొందర తగలెయ్య!

తమ్ముడు అడ్రస్ ఇచ్చాడు. నా తెర మీద "ప్యాకింగ్ గది" ఎదురుగా పచ్చటి అంకె వెలిగింది. వాడు గోడ మీటరే పలికిందనుకున్నాడు. ఎవరైనా అంతే అనుకుంటారు.

కాసేపటికి మా మరదలు, అంటే వాడి పెళ్లాం, నుదురు నొక్కుకుంటూ నా గుమ్మంలోకి వచ్చింది. ఆమె పనిచేసేది ఆ ప్యాకింగ్ గదిలోనే.

"వదినా, తల పగిలిపోతోంది. తెరలో ఏమన్నా చూపిస్తోందా?"

"ఏం లేదమ్మా, పచ్చగానే ఉంది."

"అయితే పర్లేదులే. మీ తమ్ముడి మీటరు కదా, చీమ తుమ్మినా అరుస్తుంది," అని నవ్వింది. "అందరూ తినడానికెళ్లారు. ఒక్క పెట్టె సర్దేసి నేనూ వస్తా."

ఆ తర్వాత తమ్ముడు సామాను సర్దుకుంటూ, కింద పడ్డ స్క్రూడ్రైవరు కోసం ఆయాసపడుతూ నా బల్ల కిందికి దూరాడు. తెర మీద ప్యాకింగ్ గది అంకె ఎగిరి ఎర్రబడింది. సైరన్ గోల పెట్టింది. వాడు బల్ల కిందినుంచి తల బయటపెట్టాడు.

"అక్కా, ఇక్కడో మీటరుంది. నా ఊపిరికి మోగింది! ప్యాకింగ్ గది అడ్రస్ దీనికి పడింది!"

"అయితే ఆ గది సంగతి?"

"ఇంతసేపూ మనకు తెలీనే తెలీదు."

ఇద్దరం పరిగెత్తాం. సైరన్‌కు జనమంతా ఆవరణలోకి వచ్చేశారు. అందరి మొహాలూ వెతికాను. మరదలు లేదు.

తలుపు అద్దంలోంచి చూస్తే డ్రై ఐస్ తొట్టి పక్కన నేల మీద పడి ఉంది. ఒక చెప్పు దూరంగా ఉంది. గాలిని బయటికి తోసే ఫ్యాను తిరగడం లేదు.

"ఆక్సిజన్ మాస్కు తెస్తున్నారు, ఎవరూ లోపలికి వెళ్లొద్దు!" అని సూపర్వైజరు అరిచాడు. ఆ మాట మాత్రం నిజమే. గ్యాస్ నిండిన గదిలోకి మాస్కు లేకుండా వెళ్లినవాళ్లు తిరిగి రారని మాకందరికీ నేర్పారు. కానీ మా తమ్ముడు గుక్క బిగబట్టి తలుపు తోశాడు.

"ఒరేయ్, ఆగరా! నువ్వూ పోతావురా!" అని గొంతు చించుకున్నాను. వాడు ఆమె చంకల కింద చేతులు వేసి సగం దూరం లాగి, వదిలేసి, తూలుతూ బయటికొచ్చాడు. నేను చొక్కా పట్టుకున్నాను. చొక్కా చిరిగింది గానీ వాడు ఆగలేదు. ఒక్కసారి గాలి పీల్చుకుని మళ్లీ లోపలికెళ్లాడు. ఈసారి ఆమెతోనే వచ్చాడు.

సిమెంటు నేల మీద పడుకోబెట్టాం. పెదాలు నల్లబడ్డాయి. ముక్కు కింద వేలు పెట్టాను. ఏమీ తగల్లేదు. నా వేలే మొద్దుబారిందేమోనని ఇంకో వేలు పెట్టాను. అంతలో సన్నగా, వేడిగా తగిలింది.

అంబులెన్సు వచ్చేసరికి కళ్లు తెరిచింది. ఎదురుగా మొగుణ్ణి చూసి, "లోపలికొచ్చింది నువ్వా?" అంది, గొంతు పెగల్చుకుని. "నీకు భయం కదా?"

వాడి పళ్లు ఇంకా టకటకా కొట్టుకుంటున్నాయి.

"భయమేసే వచ్చానే," అన్నాడు.